పదకొండు పూసల దండ
(మందుల వెనుక మనుషులు – 14)

ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఫిట్టర్ మావయ్య ఉండేవాడు. వరసకి మావయ్య కాదు. వర్క్‌షాప్‌లో ఫిట్టరు కాబట్టి వీధిలో పిల్లలందరికీ ఆయన ఫిట్టర్ మావయ్యే. పొద్దున్న వర్క్‌షాప్ సైరన్ కూయగానే వరండాలో పీట వేసుకుని కూర్చునేవాడు. చొక్కా జేబులోంచి వెండిరంగు రేకు తీసి, గోటితో అంచు చింపి, బొటనవేలంత మెత్తటి గొట్టం మాత్రని అరచేతిలోకి దొర్లించేవాడు. రేకు చిరిగిన మరుక్షణం సారా సీసా మూత తీసినట్టు గుప్పుమని ఘాటు వాసన. ఆ వాసనకి మా కుక్క కూడా మెట్లు దిగిపోయేది.

"ఏటి మావయ్యా, ఇంత కంపు కొడతాది?" అని ఒకసారి అడిగాను.

"కిడ్నీకి కాపలా బాబూ. మీ అత్త ఇచ్చిన కిడ్నీ కదా, నా ఒంట్లో వాళ్ళకి ఇంకా చుట్టరికం కలవలేదు. ఈ మాత్ర మానితే దాన్ని తరిమేస్తారట" అన్నాడు.

అప్పుడు నవ్వాను. చాలా ఏళ్ళ తర్వాత ఆ మాత్ర కథ చదువుకుంటున్నప్పుడు తెలిసింది, మావయ్య చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదని.

గత వారం యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పుకున్నాం. భీమవరంలో పుట్టిన ఆ మనిషి నాయకత్వంలో అమెరికాలో తయారైన అమినోప్టెరిన్, ఆ వెంట వచ్చిన మెథోట్రెక్సేట్, కణాలు విభజన చెందడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని వాడుకోనివ్వకుండా ఒక ఎంజైమును పట్టి ఆపేస్తాయని చూశాం. అది బండికి బొగ్గు అందకుండా చేసే పద్ధతి. రోగనిరోధక కణమనే బండికి అసలు పచ్చజెండాయే ఊపకుండా ఆపిన మందు ఈ వారం కథ. మావయ్య అరచేతిలోని ఆ మాత్ర పేరు సైక్లోస్పోరిన్.

ఖరగ్‌పూర్‌లో ఈ కథ ఎందుకంటారా? బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు ఈ ఎర్రమట్టి నేల మీద జంక్షను, వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. నిమ్‌పురా, మథురాకాఠీ వీధుల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే కారణం ముఖ్యంగా ఈ ఊరే. పెద్ద జబ్బు చేస్తే ఇక్కడి తెలుగువాళ్ళూ బెంగాలీలూ ఒకే రైలెక్కుతారు. కిలోమీటరు పైన పొడవున్న ఆ ప్లాట్‌ఫారం మీద ఒక చేతిలో రిపోర్టుల సంచీ, ఇంకో చేతిలో మరచెంబు పట్టుకుని దక్షిణం వెళ్ళే మెయిలు కోసం నిలబడ్డ కుటుంబాన్ని చూడగానే చెప్పేయవచ్చు: వీళ్ళది వెల్లూరు ప్రయాణం.

మన దేశంలో మొదటిసారి ఫలించిన కిడ్నీ మార్పిడి జరిగింది 1971లో, ఆ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే. అప్పటికి వైద్యుల చేతిలో ఉన్న ముఖ్యమైన ఆయుధాలు రెండు. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ చేసిన కృషిలోంచి పుట్టిన అజాథయోప్రిన్ ఒకటి, స్టెరాయిడ్లు రెండోది. రెండూ మొద్దు కత్తులే. శత్రువునీ నరుకుతాయి, ఇంటివాళ్ళనీ నరుకుతాయి. తెల్లకణాలు బాగా పడిపోతే చిన్న జలుబే ప్రాణం మీదికి తెచ్చేది. మోతాదు తగ్గిస్తే కొత్త కిడ్నీ పోయేది. 1970లలో మరణించిన దాతల కిడ్నీ పెట్టుకున్నవాళ్ళలో సుమారు సగం మందికే అది ఏడాది దాటి పనిచేసేది. ఆ రోజుల్లో మార్పిడి చేసిన సర్జన్ల ధైర్యాన్ని తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈలోగా స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సాండోజ్ కంపెనీ మట్టి పోగుచేస్తోంది. పెన్సిలిన్ తర్వాత ప్రతి మందుల కంపెనీకీ బూజుల మీద ఆశ పుట్టింది కదా. సాండోజ్ 1950ల చివర్నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. ఊళ్ళు తిరిగే ఉద్యోగులు, సెలవు మీద వెళ్ళేవాళ్ళు అక్కడి మట్టి కాస్త ప్లాస్టిక్ సంచిలో వేసి తీసుకురావాలి. 1969లో హన్స్ పీటర్ ఫ్రే అనే ఉద్యోగి నార్వే దక్షిణాన ఉన్న హార్డంగర్‌విడ్డా అనే చలి పీఠభూమి నుంచి అలాగే ఒక సంచి మట్టి తెచ్చాడు. ఆ మట్టిలో దొరికిన శిలీంధ్రం పేరు టోలిపోక్లేడియం ఇన్‌ఫ్లేటమ్. దాని రసాన్ని మొదట పరీక్షించింది ఇతర బూజుల్ని చంపుతుందేమోనని. అంతంతమాత్రంగానే చంపింది. ఆ లెక్కన ఫైలు మూసేయాల్సిందే. కానీ కంపెనీలో ప్రతి కొత్త పదార్థాన్నీ రకరకాల జబ్బుల మీద వరసగా పరీక్షించే ఏర్పాటు ఉంది. 24-556 అనే నంబరు వేసిన ఆ పదార్థం అలా హార్ట్‌మన్ స్టేహెలిన్ విభాగానికి చేరింది.

1972 జనవరి చివర్లో ఎలుకల మీద ఫలితం వచ్చింది. రోగనిరోధక స్పందన బాగా అణగిపోయింది. కణాలు మాత్రం చావలేదు. అప్పటిదాకా తెలిసిన మందులు చాలావరకు కణాల్ని చంపి నిరోధాన్ని అణిచేవి. ఇది చంపకుండా నిద్రపుచ్చింది. ఆ విభాగంలో రోగనిరోధక శాస్త్రం చూసే జాన్ ఫ్రాంస్వా బొరెల్ దీన్ని పట్టుకుని వదల్లేదు. 1976లో ఆయన బృందం ప్రచురించిన వ్యాసంతో లోకానికి దీని సంగతి తెలిసింది.

తర్వాత ఏళ్ళ తరబడి ఒక గొడవ నడిచింది. బహుమతులూ పేరూ చాలావరకు బొరెల్‌కి వచ్చాయి. పరీక్ష పెట్టించినదీ, నడిపించినదీ తన విభాగమని స్టేహెలిన్ 1990లలో కాగితం మీద పెట్టాడు. నా మటుకు నాకు స్టేహెలిన్ వాదనలో బలం ఉందనిపిస్తుంది. అయితే కంపెనీ ఈ మందును పక్కన పెట్టేయాలని చూసిన రోజుల్లో దానికోసం కొట్లాడినవాడు బొరెల్. మట్టి తెచ్చిన ఫ్రే పేరు ఎవరికీ గుర్తులేకపోవడమే నాకు బాధ.

ఇంతకీ ఈ పదార్థం ఏమిటి? పెప్టైడ్. మన ఒంట్లో ప్రొటీన్లు పొడవాటి పూసల దండలు. ఒక్కొక్క పూస ఒక అమైనో ఆమ్లం. పెప్టైడ్ అంటే చిన్న దండ. మామూలుగా పెప్టైడును మింగితే పప్పులో ప్రొటీనుకు పట్టిన గతే పడుతుంది, కడుపులోని ఎంజైములు పూసలు విడగొట్టి అరిగించేస్తాయి. అందుకే ఇన్సులిన్‌ని సూది ద్వారా ఇవ్వాల్సి వచ్చింది. సైక్లోస్పోరిన్‌ మాత్రం 11 పూసల దండ, రెండు కొసలూ ముడిపడి గుండ్రంగా ఉంటుంది. కొస దొరకదు. పైగా 7 చోట్ల పూసల మధ్య లంకెకి మిథైల్ గుంపు అంటుకుని ఉంటుంది, నూలు దారానికి మైనం పట్టించినట్టు. మన ప్రొటీన్లలో కనబడని వింత పూసలు కూడా ఉన్నాయి. మన కణాలు ప్రొటీన్లు అల్లే యంత్రం మీద కాకుండా, దీనికోసమే ప్రత్యేకంగా ఉన్న ఒక పెద్ద ఎంజైము మీద ఆ బూజు దీన్ని అల్లుకుంటుంది. అందుకే ఇది కడుపులో అరగదు, నీళ్ళలో కరగదు, కొవ్వులో కలుస్తుంది, కణం గోడ దాటి లోపలికి పోతుంది.

నీళ్ళలో కరగకపోవడమే మొదట్లో పెద్ద తలనొప్పి. జంతువుల్లో పనిచేసిన మందు మనుషులు మింగితే రక్తంలో కనబడలేదు. బొరెల్ తానే ఆల్కహాల్‌లో కలిపి తాగాడు, మందు రక్తంలోకి చేరింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి సర్జన్ రాయ్ కాల్నే దగ్గర పనిచేయడానికి గ్రీసు నుంచి వచ్చిన యువ వైద్యుడు అల్కిస్ కొస్తాకిస్ ఆలివ్ నూనెలో కరిగించి చూశాడు. ఇంగ్లీషు తిండి తినలేక కొడుకు చిక్కిపోతాడని తల్లి ఇంటి నుంచి పంపిన నూనె అదని చెబుతారు. అలా కరిగించిన మందుతో ఎలుకల్లో మార్చిన గుండెలు నిలిచాయి. 1978లో కాల్నే దాన్ని మనుషులకిచ్చాడు. మొదట్లో మోతాదు ఎక్కువై కిడ్నీలే దెబ్బతిన్నాయి. అమెరికాలో థామస్ స్టార్జ్ల్ తక్కువ మోతాదుకు స్టెరాయిడు జోడించి దారి చూపాడు. 1983 నవంబరులో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. ఏడాది నిలిచే కిడ్నీలు సగం నుంచి 80 శాతం దాకా పెరిగాయి. గుండె, కాలేయం మార్పిడులు ప్రయోగం స్థాయి దాటి వైద్యంగా మారింది ఆ తర్వాతే.

మందు వచ్చింది. ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. 1983లో అనుమతి ఇచ్చినవాళ్ళకీ తెలియదు. ఆ రహస్యం విడింది 1991లో.

దీన్ని మా ఊరి భాషలో చెబితేనే బాగా అర్థమవుతుంది. యార్డులో నిలబెట్టిన గూడ్సు రేకును ఊహించుకోండి. అది దానంతట అది దొర్లిపోకుండా హ్యాండ్ బ్రేకులు బిగిస్తారు, చక్రాల కింద చెక్క ఆపులు పెడతారు. అవన్నీ తీస్తేగాని కదలదు. మన రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టీ కణం లోపల ఎన్‌ఫాట్ అనే ప్రొటీను అలాగే ఆగి ఉంటుంది. దాని ఒంటినిండా ఫాస్ఫేట్ గుంపులు అంటుకుని ఉంటాయి, అవే ఆపులు. పరాయి కణం ఎదురై టీ కణానికి సంకేతం అందగానే కణం లోపల కాల్షియం పెరుగుతుంది. ఆ కాల్షియం కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును లేపుతుంది. లేచిన ఎంజైము ఎన్‌ఫాట్ దగ్గరికి వెళ్ళి ఆపులు ఒక్కొక్కటీ తీసేస్తుంది. ఈ ప్రొటీనులో ఒక రకాన్ని లెక్కపెట్టి చూశారు: తీయాల్సినవి 13. అవి ఊడిపోగానే ఎన్‌ఫాట్ కేంద్రకంలోకి దూసుకుపోయి ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయనానికి సంబంధించిన జన్యువును తెరుస్తుంది. ఆ రసాయనం అందుకున్న టీ కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగి కొత్త కిడ్నీ మీద పడతాయి. "నా ఒంట్లో వాళ్ళు" అని మావయ్య చెప్పినవాళ్ళు వీళ్ళే.

సైక్లోస్పోరిన్ ఒంటరిగా ఈ ఎంజైమును ఏమీ చేయలేదు. కణంలోకి వెళ్ళి ముందు సైక్లోఫిలిన్ అనే మరో ప్రొటీనుతో జతకడుతుంది. అప్పుడు ఆ జంట వెళ్ళి కాల్సిన్యూరిన్ మీద కూర్చుంటుంది. ఆపులు తీసే మనిషి చేతులు కట్టేసినట్టు. రేకు యార్డులోనే ఉండిపోతుంది. హార్వర్డులో స్టువార్ట్ ష్రైబర్ ప్రయోగశాలలో జున్ లియూ తదితరులు 1991లో తేల్చినది ఇదే. ఇందులో నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. కాల్సిన్యూరిన్‌కి ఆ పేరు పెట్టింది 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్త క్లాడ్ క్లీ బృందం. వాళ్ళు దాన్ని చూసింది మెదడులో. కాల్షియంతో కలిసే న్యూరాన్ ప్రొటీను కాబట్టి ఆ పేరు. మెదడు మీద పనిచేసినవాళ్ళ ఎంజైమూ, నార్వే మట్టిలోని బూజూ, సర్జన్ల కిడ్నీలూ ఒకే కణంలో కలుసుకుంటాయని ఆ రోజు ఎవరనుకున్నారు?

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, హార్వర్డులో బయోఫిజిక్స్‌లో డాక్టరేట్ తీసుకున్న అంజనా రావు ఈ కథలో నడిమి మనిషి. ఎన్‌ఫాట్ అనేది కాల్సిన్యూరిన్ చేతిలో ఆపులు ఊడే ప్రొటీనని 1993లో చూపినది ఆమె బృందం. ఆపైన ఆమెకు ఒక సందేహం వచ్చింది. సైక్లోస్పోరిన్ కాల్సిన్యూరిన్ చేతులు పూర్తిగా కట్టేస్తోంది. కానీ ఆ ఎంజైముకి ఒంట్లో వేరే పనులూ ఉన్నాయి కదా, మెదడులో, కిడ్నీలో. అవన్నీ ఆగిపోతున్నాయి. సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళకి రక్తపోటు, చేతులు వణకడం, కిడ్నీ దెబ్బతినడం లాంటివి రావడానికి ఇదొక కారణం. ఎంజైము తన పనులు తాను చేసుకుంటూనే ఎన్‌ఫాట్ ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోకుండా చేయలేమా?

ఎన్‌ఫాట్ మీద కాల్సిన్యూరిన్‌ని పట్టుకునే కొక్కెం ఒకటి ఉంది, కొద్ది పూసల పొడవు మాత్రమే. రెండు బోగీల మధ్య కప్లింగ్ లాంటిది. ఆ కప్లింగ్ పడితేనే ఎంజైము ఆపులు తీయగలదు. అంజనా రావు, పాట్రిక్ హోగన్, లూయిస్ క్యాంట్లీ, మైకేల్ యాఫీ, హోసే అరాంబురు తదితరులు ఆ కొక్కెం రూపంలో లెక్కలేనన్ని చిన్న పెప్టైడుల్ని తయారుచేసి, కాల్సిన్యూరిన్‌కి బాగా అంటుకున్నవాటిని ఏరుతూ పోయారు. చివరికి 16 పూసల దండ ఒకటి నిలిచింది. దాని నడుమ వరసగా వాలీన్, ఐసోల్యూసిన్, వాలీన్, ఐసోల్యూసిన్, థ్రియోనిన్ ఉంటాయి. వాటి పొడి అక్షరాలు కలిపి దానికి వివిట్ అని పేరు పెట్టారు. అసలు కొక్కెం కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. వివిట్ ముందుగా వచ్చి కప్లింగులో కూర్చుంటే ఎన్‌ఫాట్‌కి చోటుండదు. ఎంజైము చేతులు మాత్రం ఖాళీగానే ఉంటాయి, మిగతా పనులు చేసుకోవచ్చు. 1999లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ వ్యాసాన్ని నేను మూడుసార్లు చదివాను. మనుషుల మీద వాడే మందు కాదిది, అయినా అంత చక్కటి ఆలోచనని నేను అరుదుగా చూశాను.

మరి మందెందుకు కాలేదు? వివిట్‌కి కొసలున్నాయి. మైనం పూత లేదు. మింగితే అరిగిపోతుంది, కణం గోడ దాటలేదు. 2004లో శాస్త్రవేత్తలు దానికి 11 ఆర్జినిన్ పూసలు తోకగా కట్టి కణంలోకి దూరేట్టు చేశారు. ఎలుకల్లో ఇన్సులిన్ కణాల మార్పిడికి అది పనికొచ్చింది. మనిషి దాకా రాలేదు. బూజు మాత్రం ఆ కష్టమంతా మనకంటే ముందే పడింది. కొస ముడేయడం, పూత పూయడం, గోడ దాటడం అన్నీ నేర్చుకుంది.

అంజనా రావు బృందం 2006లో మరో గేటు కనిపెట్టిన పనిలోనూ ఉంది. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలున్న ఒక కుటుంబాన్ని పరిశీలించి, కణంలోకి కాల్షియం వచ్చే ద్వారం ఆ పిల్లల్లో తెరుచుకోవడం లేదని తేల్చారు. గ్రీకు పురాణాల్లో స్వర్గద్వారం కాపలాదారుల పేరు మీద దానికి ఒరాయ్ అని పేరు పెట్టారు. కాల్షియం ద్వారం నుంచి ఎన్‌ఫాట్ దాకా ఉన్న ఈ లైనులో ఇన్ని స్టేషన్లకు పటం గీయడంలో చేయి ఉన్న శాస్త్రవేత్త గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉండాలి. ఉస్మానియా తరగతి గదుల్లో ఇవాళ కూర్చున్న అమ్మాయిలకు ఆమె పేరు తెలియాలి.

మళ్ళీ మావయ్య దగ్గరికి. 1990లలో మన దేశంలోనూ సైక్లోస్పోరిన్ తయారై ధర కొంత దిగింది, అయినా క్వార్టర్ల జీతానికి బరువే. మావయ్య చిగుళ్ళు వాచాయి, చెంపల మీద వెంట్రుకలు దట్టంగా వచ్చాయి. రెండూ ఈ మందు పనులే. ఒకసారి వానాకాలంలో ఊళ్ళో ఒక మందుల షాపులో సరుకు లేదు, రేపు రా అన్నారు, ఎల్లుండి రా అన్నారు. అలా నాలుగు రోజులు మాత్ర లేకుండా గడిచింది. ఐదో రోజుకి కాళ్ళు ఉబ్బాయి, కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగింది. అత్త ఏడుస్తూ రైలెక్కించింది. వెల్లూరులో స్టెరాయిడు సూదులు వేసి కిడ్నీని నిలబెట్టారు. ఆ తర్వాత ఆయన ట్రంకు పెట్టెలో బట్టల కింద ఎప్పుడూ నెల రోజుల మాత్రలు అదనంగా ఉండేవి. ఇంటిముందు కాసిన పంపరపనస కాయల్ని కూడా పక్కింటి బెంగాలీ పిన్నికే ఇచ్చేసేవాడు. ఆ పండు రసం రక్తంలో ఈ మందును పెంచేస్తుందని డాక్టరు చెప్పాడట. "తినాలని ఉంటాది గానీ, మీ అత్త కిడ్నీ కదా" అనేవాడు.

ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో కిడ్నీయో కాలేయమో మార్చుకున్నవాళ్ళుంటే, వాళ్ళ ఇంటివాళ్ళుంటే, ఒక్క మాట. టీ కణాలు మార్చిన అవయవాన్ని ఎన్నేళ్ళయినా పరాయిదిగానే చూస్తాయి. బాగానే ఉన్నాం కదా అని మాత్ర మానకండి. రోజూ ఒకే వేళకి వేసుకోండి, డాక్టరు చెప్పిన సమయానికే రక్తపరీక్షకి ఇవ్వండి, కంపెనీ మారితే డాక్టరుకి చెప్పకుండా మింగకండి. రైలు ప్రయాణంలో మాత్రలు పెద్ద పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉంచుకోండి. ఫిట్టర్ మావయ్య ఈ పద్ధతిలోనే, అత్త ఇచ్చిన కిడ్నీతో 19 ఏళ్ళు బతికాడు.

(వచ్చే వారం: జపాన్‌లోని త్సుకుబా మట్టిలో 1984లో దొరికిన టాక్రోలిమస్)